ఒక వార్డు విలువ: కొత్త పార్టీ వచ్చినప్పుడు చిన్న పార్టీ ఏం చేయాలి?

2021 మార్చి మున్సిపల్ ఎన్నికల్లో వైసీపీ రాష్ట్రాన్ని ఊడ్చేసింది. రాయలసీమలో రెండు ఊళ్ళు మాత్రం లెక్క తేలక చిక్కుబడ్డాయి. అనంతపురం జిల్లా తాడిపత్రిలో 36 వార్డులకు తెలుగుదేశానికి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంటుకు ఒకటి వచ్చాయి. కడప జిల్లా మైదుకూరులో 24 వార్డులకు తెలుగుదేశానికి 12, వైసీపీకి 11, జనసేనకు ఒకటి. తాడిపత్రిలో సీపీఐ కౌన్సిలరు, ఇండిపెండెంటు ఒకవైపే చేతులెత్తడంతో తెలుగుదేశం నాయకుడు జేసీ ప్రభాకర్ రెడ్డి ఛైర్మన్ అయ్యారు. మైదుకూరులో ఎక్స్ అఫీషియో ఓట్లు (ఎమ్మెల్యే, ఎంపీ హోదాతో కౌన్సిల్లో వేసేవి) కలుపుకుని వైసీపీ గట్టెక్కింది.

చెరొక వార్డు గెలిచిన ఆ రెండు పార్టీల వయసులో తేడా దాదాపు తొంభై ఏళ్ళు. సీపీఐ తన పుట్టుకను 1925 నుంచి లెక్కపెట్టుకుంటుంది. జనసేన 2014లో పుట్టింది. ఆ మున్సిపల్ ఎన్నికల తర్వాత మూడేళ్ళకు, 2024లో, జనసేన 21 అసెంబ్లీ స్థానాల్లో పోటీచేసి ఇరవై ఒకటీ గెలిచింది. అందులో ఉమ్మడి కడప జిల్లా రైల్వే కోడూరు కూడా ఉంది. సీపీఐకి రాష్ట్రంలో ఒక్క సీటూ రాలేదు.

దీన్ని చూసి 'కొత్త నీరు వచ్చింది, పాత నీరు పోయింది' అనేయడం సులువు. కానీ సీమలో కొత్త పార్టీలు రావడం, చిన్న పార్టీలు వాటిని తట్టుకోవడమో తట్టుకోలేకపోవడమో డెబ్భై ఏళ్ళుగా జరుగుతున్న కథే. ఆ కథను దగ్గరగా చూస్తే, చిన్న పార్టీలు సాధారణంగా భయపడేది ఒకదానికి, నష్టపోయేది మరొకదాని వల్ల అని తెలుస్తుంది. కొత్త పార్టీ ఓట్లు చీల్చుతుందని వాటి భయం. చిన్న పార్టీకి అసలు ఉన్న ఓట్లే కొన్ని. వాటిలో ఇంకొన్ని పోయినా ఫలితం పెద్దగా మారదు. కొత్త పార్టీ నిజంగా పట్టుకుపోయేది మనుషుల్ని, వాళ్ళతో పాటు సమస్యల్ని.

ఇక్కడ చిన్న పార్టీలు అంటే ఏవో ముందు చెప్పుకోవాలి. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో అసెంబ్లీ స్థానాలు 38. వీటిలో చాలాకాలంగా చిన్న పార్టీలుగా ఉన్నవి సీపీఐ, సీపీఎం, బీఎస్పీ. 2014 తర్వాత కాంగ్రెస్ కూడా ఆ వరసలోకి జారింది. బీజేపీది విచిత్రమైన స్థితి. ఢిల్లీలో చాలా పెద్దది, ఇక్కడ చిన్నది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో బీజేపీకి, కాంగ్రెస్‌కు విడివిడిగా వచ్చిన ఓట్లు నోటాకు వచ్చిన వాటికంటే తక్కువ.

కమ్యూనిస్టులు ఇక్కడ మొదటినుంచీ చిన్నవాళ్ళేం కాదు. 1952లో తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండే అనంతపురం నుంచి పోటీచేసి, సాక్షాత్తు బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. 1957లో అదే ఊరు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. కడప లోక్‌సభ స్థానంలో సీపీఐ నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డి నాలుగుసార్లు గెలిచారు. ఇప్పుడు కడప అనగానే ఒకే ఇంటిపేరు గుర్తొచ్చే తరానికి ఈ సంగతి చెబితే నమ్మరు. అయితే ఆ బలం సీట్లుగా మారడం ఎప్పుడూ కష్టంగానే ఉండేది. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో సీపీఐకి దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో గెలిచింది 15. అవతల కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కూటమి కట్టి నిలబడ్డాయి. ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్ళదే సీటు అనే పద్ధతిలో రెండో స్థానానికి విలువ లేదు, మూడో స్థానానికి అసలే లేదు. ఆ కూటమిలో చేరిన కృషికార్ లోక్ పార్టీ ఎన్నిక గెలిచి తన ఉనికిని పోగొట్టుకుంది. ఓడిపోయిన సీపీఐ మిగిలింది. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నేర్పే కాలం 1978 నుంచి 1983 దాకా ఉన్న అయిదేళ్ళు.

1977 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా జనతా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. జనతా గెలిచిన ఆ ఒక్కటి నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. మరుసటి ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో జనతాకు 60 సీట్లు వచ్చాయి. అదే ఎన్నికలో సీపీఐకి 6, సీపీఎంకి 8. ఇక 1982 మార్చిలో ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టారు. తొమ్మిది నెలలకే ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులతో పొత్తు మాటలు జరిగి కుదరలేదు. 1983 జనవరిలో తెలుగుదేశం రెండు వందల సీట్లు గెలిచినప్పుడు, అరవై సీట్లున్న జనతా దాదాపు కనిపించకుండా పోయింది. పద్నాలుగు సీట్లున్న కమ్యూనిస్టులకు తొమ్మిది మిగిలాయి: సీపీఐకి 4, సీపీఎంకి 5.

అంత పెద్ద గాలిలో అరవై ఎందుకు ఎగిరిపోయింది, పద్నాలుగులో తొమ్మిది ఎందుకు నిలబడింది? జనతాకు వచ్చిన ఓటు కాంగ్రెస్ మీద కోపంతో వేసిన ఓటు. ఆ కోపానికి ఇంకా మంచి గుర్తు దొరకగానే అటు వెళ్ళిపోయింది. జనతాకు ఊళ్ళో జెండా పట్టుకుని నిలబడే కూలి సంఘం లేదు, బీడీ కార్మికుల సంఘం లేదు, కాలేజీలో విద్యార్థి సంఘం లేదు. కమ్యూనిస్టుల ఓటులోనూ కోపం ఉంది, కానీ దానికి ఒక చిరునామా ఉంది. భూమి పంచిన ఊరు, సమ్మె చేసిన మిల్లు, కేసులు మోసిన కుటుంబం. కొత్త పార్టీ సభకు ఆ కుటుంబంలో కుర్రాడు వెళ్ళి ఈలలు వేసి వచ్చినా, ఇంట్లో పెద్దాయన ఓటు మారలేదు.

ఆ తర్వాత కమ్యూనిస్టులు తెలుగుదేశంతో కలిశారు. 1985లో సీపీఐకి 12, సీపీఎంకి 11. 1994లో ఏకంగా 19, 15. ఆ ఏడాదే అనంతపురంలో సీపీఐ నుంచి కె. రామకృష్ణ, కర్నూలులో సీపీఎం నుంచి ఎం.ఎ. గఫూర్ ఎమ్మెల్యేలయ్యారు. ఇదీ పొత్తు ఫలమే. 1999లో తెలుగుదేశం బీజేపీతో వెళ్ళింది. విడిగా నిలబడిన సీపీఐకి సున్నా, సీపీఎంకి 2. అయిదేళ్ళలో 34 నుంచి 2కి! 2004లో కాంగ్రెస్‌తో కలిస్తే మళ్ళీ 6, 9. గఫూర్ కర్నూలులో రెండోసారి గెలిచింది అప్పుడే. 2009లో మళ్ళీ తెలుగుదేశంతో కలిస్తే 4, 1.

ఈ అంకెల్లో సీట్లు ఎక్కినా దిగినా నిర్ణయించింది పక్కనున్న పెద్ద పార్టీ. 1983లో ఒంటరిగా తొమ్మిది తెచ్చుకున్న బలం, పదహారేళ్ళ పొత్తుల తర్వాత ఒంటరిగా రెండే తెచ్చుకోగలిగింది. ఆ మధ్యలో కరిగిందేమిటో పార్టీ లెక్కల్లో కనపడదు. ఎమ్మెల్యే ఉన్నప్పుడు సంఘాల పని చేసేవాళ్ళు తగ్గి, ఎమ్మెల్యే చుట్టూ తిరిగేవాళ్ళు పెరుగుతారు. ఇది ఎర్రజెండాకు మాత్రమే వర్తించే సంగతి కాదు కూడా.

సీమకు వచ్చే కొత్త పార్టీలన్నీ ఒకే రకం కాదు. చిన్న పార్టీలు చేసే పెద్ద పొరపాటు అన్నిటికీ ఒకే మందు వేయడం.

ఒక రకం, పాత ఇళ్ళకు కొత్త రంగు. 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పుట్టింది. 2009లో రాష్ట్రమంతా 18 సీట్లు గెలిచింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో రెండు: ఆళ్ళగడ్డలో భూమా శోభా నాగిరెడ్డి, బనగానపల్లెలో కాటసాని రామిరెడ్డి. 'సామాజిక న్యాయం' నినాదంతో వచ్చిన పార్టీ ఇక్కడ గెలిచింది ఊళ్ళల్లో అప్పటికే సొంత వర్గం ఉన్న కుటుంబాలతో. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయాక ఆ ఇళ్ళు తమ దారి తాము చూసుకున్నాయి. ఇలాంటి కొత్త పార్టీతో చిన్న పార్టీకి నిజానికి పోటీయే లేదు. టికెట్ దొరకని నాయకుడికి అది ఒక బీ-ఫారం, అంటే అభ్యర్థికి పార్టీ ఇచ్చే కాగితం, మాత్రమే. దాన్ని తిడుతూ కరపత్రాలు అచ్చేయడం కాగితం ఖర్చు. చేయాల్సిందల్లా, ఆ నాయకుడు పాత పార్టీలో వదిలి వచ్చిన చిన్న కార్యకర్తలు ఎవరో చూసి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం. ప్రతి ఫిరాయింపులోనూ వెనక వెళ్ళని కొందరు ఉంటారు. వాళ్ళను పలకరించేవాళ్ళే ఉండరు.

రెండో రకం వారసత్వ పార్టీ. 2011 మార్చిలో జగన్ వైసీపీని ముందుకు తెచ్చిన రెండు నెలలకు కడప లోక్‌సభ ఉపఎన్నిక వచ్చింది. మెజారిటీ అయిదు లక్షల నలభై వేలు దాటింది. ఇక్కడ నష్టపోయింది అప్పటి పెద్ద పార్టీ కాంగ్రెస్. ఓట్లు, నాయకులు, ఊళ్ళో ఇళ్ళు, ఫొటోలు, జ్ఞాపకాలు అన్నీ ఒకేసారి అటు మారాయి. 2014లో రాష్ట్ర విభజన కోపం కూడా కలిసి కాంగ్రెస్‌కు ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క సీటూ దక్కలేదు. పదేళ్ళ తర్వాత అదే ఇంటి ఆడపడుచు షర్మిల పీసీసీ అధ్యక్షురాలిగా కడపలో నిలబడి లక్షా నలభై వేల ఓట్లు తెచ్చుకున్నారు. మూడో స్థానమే, కానీ రాష్ట్రంలో కాంగ్రెస్ ఉన్న స్థితికి అది చాలా ఎక్కువ. ఆ ఓట్లు పార్టీవా, పేరువా అన్నది ఇంకా తేలలేదు. పేరువైతే కాంగ్రెస్ ఇంకో వారసత్వ పార్టీగా మారినట్టే. అప్పుడు ఆ పేరు ఎటు కదిలితే పార్టీ అటు కదలాలి.

మూడో రకం ఒకే డిమాండు పార్టీ. బైరెడ్డి రాజశేఖర్ రెడ్డి ప్రత్యేక రాయలసీమ కోసం పెట్టిన రాయలసీమ పరిరక్షణ సమితి అలాంటిది. ఆ పార్టీ నిలవలేదు. ఆయన కూతురు శబరి 2024లో నంద్యాల ఎంపీగా గెలిచింది తెలుగుదేశం తరఫున. పార్టీ పోయినా డిమాండు పోలేదు. కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది 1937లో, కర్నూలు నుంచి రాజధాని పోయింది 1956లో, ఈ మాటలు ఇప్పటికీ సీమలో ఏ సభలోనైనా వినపడతాయి. ఒకే డిమాండు పార్టీ వచ్చినప్పుడు చిన్న పాత పార్టీ దాన్ని 'వేర్పాటువాదం' అనో 'ఉనికి కోసం పాట్లు' అనో కొట్టేయడం అలవాటు. అది ఆ డిమాండు వెనక ఉన్న నీళ్ళ బాధను కూడా కొట్టేసినట్టు వినిపిస్తుంది. 2016 మే 31న కృష్ణా నది మీద సిద్ధేశ్వరం అలుగు కోసం రైతులు తామే శంకుస్థాపన చేస్తామని కదిలినప్పుడు ముందు నడిచింది ఏ పార్టీ జెండా కాదు. ఆ ఖాళీ ఎవరిదో ఎవరైనా అడగవచ్చు.

జనసేనను ఈ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఇరికించలేం. అది మొదట అభిమానుల పార్టీ. చిన్న పార్టీకి అసలు తలనొప్పి ఇలాంటి దానితోనే, ఎందుకంటే అది తీసుకెళ్ళేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని. సీమలో ఎర్రజెండా పార్టీలకు మనుషులు వచ్చింది చాలావరకు కాలేజీల నుంచి. స్కాలర్‌షిప్పు రాలేదని, హాస్టల్లో అన్నం బాగాలేదని కలెక్టరేట్ ముందు కూర్చున్న పిల్లలే తర్వాత మండల కార్యదర్శులు అయ్యారు. ఇప్పుడు ఆ వయసు కుర్రాడు ముందు ఎంచుకునేది హీరో కండువా. అది తప్పు అని అతనికి చెప్పబోతే మాట మొదట్లోనే ఆగిపోతుంది. 1983లో 'సినిమా వాళ్ళకు రాజకీయాలేం తెలుసు' అన్నవాళ్ళ గతి ఏమైందో అందరికీ తెలిసిందే, అయినా ఆ మాట ఇప్పటికీ మానలేదు. అభిమానిని వెక్కిరిస్తే పోయేది ఒక్కడు కాదు, అతని క్రికెట్ జట్టు మొత్తం.

దానికంటే తెలివైన పని, అభిమానానికి రాజకీయానికి మధ్య ఉన్న ఖాళీలో నిలబడటం. హాస్టల్ సమస్య మీద ధర్నాకు ఏ కండువా వేసుకున్న కుర్రాడైనా రావచ్చని చెప్పడం. సంఘం సభ్యత్వానికీ పార్టీ ఓటుకూ ముడిపెట్టకపోవడం. పాతకాలం నాయకులకు ఇది మింగుడుపడదు. 'మా ధర్నాకు వచ్చి వాళ్ళకు ఓటేస్తే ఎట్లా?' అంటారు. అలాగే వేస్తారు. కొన్నేళ్ళు అలాగే వేస్తారు.

ఈ మాటకు మంచి ఉదాహరణ అంగన్‌వాడీ సమ్మె. 2023 డిసెంబర్ 12న మొదలై 42 రోజులు సాగింది. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మా కూడా ప్రయోగించింది. నడిపింది ప్రధానంగా వామపక్ష కార్మిక సంఘాలు. అనంతపురం, కర్నూలు, కడప కలెక్టరేట్ల ముందు ఎండలో కూర్చున్నవాళ్ళు ఎర్ర చీరల్లో ఉన్నారు. నాలుగు నెలల తర్వాత ఎన్నికలు. ఆ సమ్మె కోపం ప్రభుత్వాన్ని మార్చడంలో తన వంతు పనిచేసింది, కానీ ఓటు పడింది తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గుర్తుల మీద. వామపక్షాలు దీన్ని 'వర్కర్లు మోసం చేశారు' అన్నట్టు చూస్తే తప్పు. ప్రభుత్వాన్ని మార్చాలనుకున్న మనిషి గెలిచే గుర్తుకు ఓటేస్తాడు. సమ్మె చేయించిన సంఘం మీద ఆ మనిషికి గౌరవం తగ్గలేదు. ఆ గౌరవం అసెంబ్లీ ఎన్నికలో పనికిరాదు. వార్డులో, పంచాయతీలో పనికొస్తుంది. అక్కడ ప్రభుత్వం మారదు, మనిషే ముఖ్యం.

సమస్యలు చేతులు మారడం గురించి ఒక మాట. కడప ఉక్కు కర్మాగారం 2014 విభజన చట్టంలో ప్రస్తావించిన సంగతి. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు పేరుతో 2007 నుంచి 2023 దాకా ముగ్గురు ముఖ్యమంత్రులు నాలుగు శంకుస్థాపనలు చేశారు. బంద్‌లు, పాదయాత్రలు ఏళ్ళతరబడి చేసింది ఎక్కువగా వామపక్షాలు, వాటి యువజన సంఘాలు. 2018 జూన్‌లో అప్పటి తెలుగుదేశం ఎంపీ సీఎం రమేశ్ కడపలో 11 రోజులు దీక్ష చేశారు. వార్తలన్నీ ఆ పదకొండు రోజుల చుట్టూ తిరిగాయి. మరుసటి ఏడాది ఆయన బీజేపీలో చేరారు. చిన్న పార్టీ సమస్యను మోస్తుంది, పెద్దదో కొత్తదో వచ్చి చివరి వంద గజాలు పట్టుకుని ఫొటో తీయించుకుంటుంది.

దీన్ని ఆపే దారి ఉందా? పూర్తిగా లేదు. కానీ చిన్న పార్టీలు తమ పనిని తామే దాచిపెట్టుకుంటాయి. ప్రతి సమస్య మీదా ఒక రౌండ్ టేబుల్ సమావేశం పెట్టి, పది పార్టీలను పిలిచి, 'అఖిలపక్షం' బ్యానర్ కట్టి, తమ పేరు పదకొండో వరుసలో రాసుకుంటాయి. ఆ టేబుల్ దగ్గరికి కొత్త పార్టీ జిల్లా అధ్యక్షుడు ఆలస్యంగా వచ్చి, అయిదు నిమిషాలు మాట్లాడి, పత్రికలో మొదటి పేరుగా వస్తాడు. కర్నూలు, అనంతపురం ప్రెస్‌క్లబ్బుల చుట్టూ తిరిగేవాళ్ళకు ఇది కొత్త దృశ్యం కాదు. అఖిలపక్షం అవసరమైనప్పుడు పెట్టుకోవచ్చు. దానికి ముందు ఆ సమస్య మీద అర్జీలు ఎవరు రాశారు, కోర్టుకు ఎవరు వెళ్ళారు, ఎన్ని ఊళ్ళు తిరిగారు అన్నది ఒక చిన్న పుస్తకంగా ఆ ఊళ్ళల్లో పంచిపెట్టడం వేరే పని. అది ఎవరూ చేయరు.

ఇక ఫ్యాక్షన్. సీమ పల్లెల్లో ఓటు చాలాచోట్ల అభిప్రాయం కాదు, రక్షణ. ఊరు రెండు వర్గాలు. పోలీసు స్టేషన్లో పేరు చెప్పుకోవాలన్నా, పొలం గట్టు తగాదా తీరాలన్నా ఏదో ఒక వర్గం కావాలి. మూడో పార్టీకి ఓటేసే మనిషి బయటికి చెప్పడు. బూత్‌లో కూర్చోవడానికి ఏజెంటు దొరకడు. పాతికేళ్ళ కిందటితో పోలిస్తే బాంబులు, కత్తులు తగ్గాయి గానీ వర్గం తగ్గలేదు, రూపం మార్చుకుంది. ఇలాంటి ఊళ్ళో కొత్త పార్టీ వచ్చిందంటే సాధారణంగా రెండు వర్గాల్లో బలహీనమైనది ఆ జెండా ఎత్తుకుందని అర్థం. చిన్న పార్టీ అలాంటి ఊళ్ళను వదిలేసి, వర్గాల పట్టు తక్కువున్న చోట్లు ఎంచుకోవడం మేలు: పట్టణాల వార్డులు, రైల్వే, మిల్లు కార్మికులున్న గుంతకల్లు, ఆదోని లాంటి ఊళ్ళు, యూనివర్సిటీ చుట్టుపక్కల కాలనీలు, కొత్తగా వెలసిన ఇళ్ళ స్థలాల పేటలు. గుడిసెలు వేయించి పట్టాలు ఇప్పించిన పేటల్లో ఓటు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

పొత్తుల దగ్గరికి వద్దాం. 2019లో సీపీఐ, సీపీఎం, బీఎస్పీ జనసేనతో కలిశాయి. చిన్న పాత పార్టీలు కొత్త పార్టీని శత్రువుగా చూడకుండా చేయి కలిపాయి. కాగితం మీద మంచి ఆలోచనే. సీపీఐకి, సీపీఎంకి చెరి రెండు లోక్‌సభ, ఏడు అసెంబ్లీ స్థానాలు ఇచ్చారు. ఆ నాలుగు లోక్‌సభ స్థానాల్లో మూడు సీమవే: సీపీఐకి అనంతపురం, కడప, సీపీఎంకి కర్నూలు. జనసేన తనకు బలం తక్కువున్న ప్రాంతాన్ని మిత్రులకు వదిలింది. బలం లేని చోట బదిలీ కావడానికి ఓట్లు ఎక్కడివి? మూడింట్లోనూ వామపక్షాలు గెలుపు దరిదాపులకు రాలేదు. జనసేనకు కూడా రాష్ట్రంలో ఒక్క సీటే వచ్చింది. 2020 జనవరిలో జనసేన బీజేపీతో పొత్తు ప్రకటించింది. అప్పటిదాకా తనతో తిరుగుతూ వచ్చిన సైద్ధాంతిక మిత్రులకు అది పత్రికల్లో చదువుకోవాల్సిన వార్త అయింది.

బ్రిటన్‌లో ఇంచుమించు తెలుగుదేశం పుట్టిన రోజుల్లోనే ఇలాంటిదే జరిగింది. 1981లో లేబర్ పార్టీ నుంచి విడిపోయిన నలుగురు నాయకులు సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. పాత చిన్న పార్టీ లిబరల్స్ దానితో పోటీపడకుండా సీట్లు పంచుకున్నారు. 1983లో ఆ కూటమికి పాతిక శాతం దాటి ఓట్లు, 23 సీట్లు వచ్చాయి. ఆ 23లో 17 లిబరల్స్‌వి, 6 కొత్త పార్టీవి. పత్రికల్లో సందడంతా కొత్తవాళ్ళది, స్థానిక కౌన్సిళ్ళలో ఏళ్ళుగా పాతుకుపోయిన మనుషులు పాతవాళ్ళకు ఉన్నారు. 1988లో రెండూ కలిసిపోయాయి. లిబరల్స్‌కు వేళ్ళున్నాయి కాబట్టి పొత్తు కలిసొచ్చింది.

2024లో బీజేపీ అనుభవం దీనికి ఇంకో వైపు. కూటమిలో పది అసెంబ్లీ స్థానాలు తీసుకుని ఎనిమిది గెలిచింది. ఈ మూడు ఉమ్మడి జిల్లాల్లోనే మూడు: ఆదోని, జమ్మలమడుగు, ధర్మవరం. అయిదేళ్ళ కిందట నోటా కంటే వెనకబడిన పార్టీకి ఇది గొప్ప లాభం. కానీ జమ్మలమడుగులో గెలిచిన ఆదినారాయణ రెడ్డి అంతకుముందు కాంగ్రెస్, వైసీపీ, తెలుగుదేశం అన్నిటిలో ఉన్నవారే. ఓటు అభ్యర్థిది, మిత్రపక్షానిది, పార్టీది అని మూడు ముక్కలు చేసి చూస్తే మూడో ముక్క ఎంతో, ఒంటరిగా నిలబడే రోజు దాకా ఎవరూ చెప్పలేరు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద పార్టీల పొత్తు లేకుండా దాదాపు 18 శాతం ఓట్లు, నాలుగు లోక్‌సభ స్థానాలు తెచ్చుకున్న పార్టీ ఇది. మరుసటి ఏడాది తెలుగుదేశంతో కలిశాక సీట్లు పెరిగాయి, సొంత ఎదుగుదల ఆగింది.

కాబట్టి కొత్త పార్టీతో పొత్తు పెట్టుకునే చిన్న పార్టీ సీట్ల సంఖ్య మీద బేరం ఆడటం మానుకోవాలి. ఏడుకు బదులు రెండు అడగవచ్చు, కానీ ఆ రెండూ తాను ఎంచుకున్నవి, మిత్రుడికీ కొంత బలం ఉన్నవి కావాలి. అసెంబ్లీ పొత్తు మాట్లాడేటప్పుడే స్థానిక సంస్థల వాటా కూడా మాట్లాడుకోవాలి. పెద్ద ఎన్నిక అయిపోయాక చిన్నవాడి ఫోను ఎవరూ ఎత్తరు.

గుర్తుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. గుర్తింపు లేని పార్టీకి ఒకే గుర్తు అన్ని చోట్లా కావాలంటే కనీసం 5 శాతం స్థానాల్లో పోటీచేయాలి. 2024లో జనసేన పోటీ చేయని చోట్ల దాని గుర్తు గాజు గ్లాసు ఇండిపెండెంట్లకు దక్కి, కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. పొత్తులో సీట్లు తగ్గించుకున్న పార్టీకి ఇది ఎదురయ్యే ప్రమాదం. 2023 ఏప్రిల్‌లో సీపీఐ జాతీయ పార్టీ హోదా పోయింది. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం ఆరేళ్ళుగా పోటీ చేయని 334 చిన్న పార్టీలను జాబితా నుంచి తీసేసింది. పోటీకి దూరంగా ఉండి పేరు నిలబెట్టుకుందామనే వీలు ఇక లేదు. అలాగని ప్రతి చోటా నిలబడి, అసెంబ్లీకి పది వేలు, లోక్‌సభకు పాతిక వేలు డిపాజిట్ కట్టి, ఆరో వంతు ఓట్లు రాక అన్నీ పోగొట్టుకోవడం కూడా లాభం లేని పని. డబ్బు సంగతి అటుంచి, వరుసగా డిపాజిట్లు పోతే కార్యకర్త ఇంట్లోనే నవ్వులపాలవుతాడు. అలా నవ్వులపాలైన మనిషే కొత్త పార్టీ కండువాకు మొదట మెడ వంచేది.

వెళ్ళిపోయినవాళ్ళ విషయంలో కూడా చిన్న పార్టీలు మారాలి. ఎర్రజెండా పార్టీల్లో మరీ ఎక్కువ. వదిలినవాడిని 'ద్రోహి' అని తీర్మానం చేసి, అతని పెళ్ళికి కూడా వెళ్ళరు. కొత్త పార్టీలు ఎక్కువగా అయిదారేళ్ళలో ఎక్కడో ఒకచోట కలిసిపోతాయి. ప్రజారాజ్యం రెండున్నరేళ్ళు కూడా నిలవలేదు. అప్పుడు రోడ్డున పడేది ఆ కింది కార్యకర్తలే. తలుపు మూసేసిన పార్టీ దగ్గరికి వాళ్ళు ఎలా తిరిగొస్తారు?

చివరికి లెక్క మళ్ళీ తాడిపత్రి దగ్గరికే వస్తుంది. 38 అసెంబ్లీ స్థానాల్లో చిన్న పార్టీ సొంతంగా గెలవగలిగేది ఇప్పట్లో ఒక్కటీ లేదు. మున్సిపల్ వార్డుల్లో గెలుపోటములు తేలేది వందల ఓట్లలో, కొన్నిసార్లు పదుల్లో. సమ్మెలో కూర్చున్న అంగన్‌వాడీ టీచరు, పట్టా ఇప్పించిన పేట, హాస్టల్ ధర్నా చేసిన కుర్రాడి ఇల్లు ఒకే వార్డులో ఉంటే ఆ ఓట్లు పోగవుతాయి. అయితే అక్కడ ఒక చిక్కుంది. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి, పైగా ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు. ఏ వార్డు ఎవరికో ఖరారయ్యేది ఎన్నికకు కొద్ది వారాల ముందు. చిన్న పార్టీ అయిదేళ్ళు ఒకే కామ్రేడ్‌ను ఒక వార్డులో తిప్పి, తీరా అది బీసీ మహిళకు వెళ్ళాక ఆయన భార్యను హడావుడిగా నిలబెడుతుంది. వార్డుకు కనీసం ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, వేర్వేరు కులాల నుంచి, ఇప్పటినుంచే వీధి కుళాయి దగ్గర, రేషన్ షాపు దగ్గర కనపడుతూ ఉండాలి. ఆ నలుగురిలో ఒకరైనా కొత్త పార్టీ నుంచి తిరిగొచ్చిన మనిషి అయితే ఇంకా మంచిది.